ఒకరోజు ముందే వచ్చిన కేకు

కేకుల షాపు మేడమీది గది నుంచి

వదినా,

క్షేమమా అని అడగను. ఫోన్ ఎత్తని మనిషి క్షేమంగా ఉన్నట్టా లేనట్టా అని వారమంతా బుర్ర బద్దలు కొట్టుకున్నాను. తీరా చూస్తే "ఉత్తరం రాయవే, ఫోన్లో మాట్లాడే ఓపిక లేదు" అని నీ మెసేజి. ఈ కాలంలో ఉత్తరాలేమిటని ముక్కున వేలేసుకున్నాను. అయినా రాస్తున్నాను. ఇది కాగితం కాదు, కేకు పెట్టెలో అడుగున పరిచే అట్ట. వెనక తెల్లగా ఉందని తీసుకున్నాను. మరకలు కనిపిస్తే వెన్న మరకలనుకో, ఏడుపు మరకలనుకోకు. నాకంత తీరిక లేదు.

ఇక్కడ మా కొంప మునిగేలా ఉంది. మా షాపుకి నీ ఊళ్ళో కొత్త బ్రాంచి పెట్టారు కదా. ఇక్కడివాళ్ళు అక్కడి చుట్టాలకి కేకు పంపాలంటే నా దగ్గరకొచ్చి ఏ రోజుకి కావాలో చెప్తారు. నేను కంప్యూటర్లో తేదీ వేస్తాను. అక్కడ ఓవెన్లోకి వెళ్తుంది, అక్కడే ఇంటికి చేరుతుంది. అంతా బాగానే ఉంది గానీ, నేను వేసిన ప్రతి కేకూ ఒకరోజు ముందే వెళ్ళిపోతోంది. ఒక పెద్దావిడ మాత్రం "నా వయసులో రేపటిదాకా ఆగమనడం దేనికి, మంచిపని చేశారు" అని ఫోన్ చేసి మెచ్చుకుందట. మిగతావాళ్ళంతా దుమ్మెత్తి పోస్తున్నారు. ఒకాయన ఉద్యోగం చివరిరోజుకని స్నేహితులు వీడ్కోలు కేకు పంపితే, అది ముందురోజే ఆఫీసు చేరింది. పై అధికారి ఆ రోజే కరచాలనం చేసి ఇంటికి పంపేశాడు!

ఇదంతా నా వేళ్ళ తప్పేనని మా యజమానురాలు అంటోంది. అలంకరణకి వేరే గది కట్టించి దాన్ని నాకే అప్పగిస్తానన్న మనిషి, ఇప్పుడు "తేదీ సరిగ్గా వేయడం రాని పిల్ల చేతిలో గది ఎలా పెట్టను" అంటోంది. ఒట్టు వదినా, నేను సరిగ్గానే వేస్తున్నాను. పక్కన ఓవెన్ చూసే బాబాయిని నిలబెట్టుకుని మరీ వేస్తున్నాను. ఇక్కడే ఇచ్చే కేకులు మాత్రం చక్కగా వాటి రోజునే వెళ్తున్నాయి. నువ్వు తేదీల మీదే ఏదో పని చేస్తున్నానన్నావు కదా, నాకు దారి చూపించు.

అన్నయ్య బాగానే ఉన్నాడు. కళ్ళజోళ్ళ షాపు, ఇల్లు, మళ్ళీ షాపు. నీ గురించి అడిగితే కళ్ళజోడు తీసి తుడుస్తాడు, అంతకంటే ఏమీ చెప్పడు. ఆరునెలల పనని చెప్పి వెళ్ళావు. ఎప్పుడొస్తున్నావు? ఇక్కడ పొద్దున్నే పంచదార పాకం వాసన మేడమీదికి ఎగబాకుతుంది, నిద్రలో నువ్వే వంటింట్లో ఉన్నావనుకుని లేస్తున్నాను.

నీ ఆడపడుచు


అద్దె గది, నాలుగో అంతస్తు నుంచి

పిచ్చుకా,

నీ అట్ట ముక్క అందింది. గదంతా వెనిల్లా వాసన. పక్క గదావిడ తలుపు తట్టి "ఏం వండుతున్నారు" అని అడిగింది. ఉత్తరం చదువుతున్నానంటే అదోలా చూసి వెళ్ళింది.

నా కిటికీ ఎదురుగా చాకిరేవు లాంటి పెద్ద డాబా ఉంది. ఈ ఊరి ఆస్పత్రుల దుప్పట్లన్నీ ఆ డాబా మీదే ఆరతాయి. పొద్దున్నే పొగమంచులో ఆ తెల్లటి వరసలు కదులుతుంటే మేఘాల్లోకి అద్దెకి దిగానా అనిపిస్తుంది. వాటిని చూస్తూ కాఫీ చల్లారబెట్టుకోవడం ఒక్కటే నేనిక్కడ క్రమం తప్పకుండా చేస్తున్న పని.

మొన్న ఒక కల వచ్చింది. రైల్వే ప్లాట్‌ఫారం మీద తేదీలన్నీ వరసగా నిలబడి ఉన్నాయి. మనుషుల్లాగే ఉన్నాయి, చేతుల్లో సంచులు కూడా ఉన్నాయి. గేటు దగ్గర ఎవరో వాటిని ఒక్కొక్కటిగా కాగితం చీటీలుగా మార్చి లోపలికి పంపుతున్నారు. ఒక తేదీ వెనక్కి తిరిగి "నేను మళ్ళీ నాలాగే దిగుతానా?" అని అడిగింది నన్ను. అంతలో మెలకువ వచ్చేసింది.

నీ కేకుల జబ్బూ ఇదే. విను. ప్రోగ్రాములు రాసే మా భాషలో కొన్ని వస్తువులు పుట్టుకతోనే ఉంటాయి. అంకెలు, మాటలు, జాబితాలు, తేదీలు. వీటిని ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి పంపాలంటే మూట కట్టాలి. అవతల మూట విప్పితే మళ్ళీ అదే వస్తువు లేచి కూర్చోవాలి. అంకెలకీ మాటలకీ ఏ బాధా లేదు. తేదీ దగ్గరకొచ్చేసరికి "దీన్ని నేను కట్టలేను" అని మా భాష చేతులెత్తేస్తుంది. మొదట్లో ఆ భాషని తయారుచేసినవాళ్ళు ఆ పని తర్వాత చూద్దాంలే అనుకున్నారు, ఎవరూ చూడలేదు. దాంతో ఎవరికి తోచినట్టు వాళ్ళు కడుతున్నారు. కొందరు అక్షరాలుగా రాసి పంపుతారు. అవతల విప్పితే అది చూడ్డానికి తేదీలాగే ఉంటుంది, కానీ "నీ తర్వాతి రోజేది" అని అడిగితే ఉలకదు పలకదు. మీ షాపు ప్రోగ్రాం రాసినాయన ఇంకో దారి పట్టుంటాడు. రోజంటే అర్ధరాత్రి పన్నెండు అని లెక్కేసి, ఆ క్షణాన్ని మూట కట్టుంటాడు. మీరు దేశానికి తూర్పు కొసన, మేం పడమటి కొసన, మీకంటే మా గడియారం రెండు గంటలు వెనక కదా. మీ అర్ధరాత్రి మాకు ముందురోజు రాత్రి పది. మూట విప్పిన యంత్రం పాపం దానికి కనిపించిన రోజే చదువుతోంది. నీ వేళ్ళ తప్పేమీ లేదు.

ఆ బెడద వదిలించడమే ఇక్కడ నా పని. తేదీకి తనను తాను మూట కట్టుకోవడం నేర్పాలి. అది అయ్యేదాకా మీ ప్రోగ్రాం ఆయనకి ఒక చిట్కా చెప్పు. అర్ధరాత్రి బదులు మధ్యాహ్నం పన్నెండు వేయమను. అప్పుడు రెండు గంటలు అటూ ఇటూ జరిగినా రోజు మారదు. మోటు చిట్కానే, మా ఆఫీసులో వింటే నవ్వుతారు, కానీ కేకు సరైన రోజుకి చేరుతుంది.

మీ యజమానురాలికి ఈ ఉత్తరం చూపించు, గది నీకే ఇవ్వమను. ఎప్పుడొస్తానంటావా, పని తెమలాలి కదా. ఇక్కడ ఒక పెద్దాయన ఉన్నాడు, మా జట్టుకి పెద్ద. ఏది ముట్టుకోబోయినా "పాతవి చెడిపోతాయమ్మా" అంటాడు. ఆయన్ని ఒప్పించేసరికి నా జుట్టు తెల్లబడేలా ఉంది.

వేళకి తిను. మీ అన్నయ్యనీ తినమను.

వదిన


కేకుల షాపు మేడమీది గది నుంచి

వదినా,

నీ నోట్లో చక్కెర పొయ్య! చిట్కా పనిచేసింది. ప్రోగ్రాం ఆయన మొదట "ఎవరండీ మీ వదిన, నాకు పాఠం చెప్పడానికి" అని మొహం ముడుచుకున్నాడు. మీరు ప్రోగ్రాం రాసే భాషకే ఆవిడ తేదీలు నేర్పుతోందని చెప్పాను. నోరు మూసుకుని మధ్యాహ్నం వేశాడు. ఆ రోజు నుంచి వేసినవాటిలో ఒక్క కేకూ ముందు వెళ్ళలేదు. కొత్త గది నాదే వదినా! ఉత్తరం వైపు కిటికీ, ఎండ పడదు, క్రీము కరగదు. పొద్దున్నే పిండి గాలిలో తేలుతుంటే లోపలికి వచ్చినవాళ్ళు గుసగుసగా మాట్లాడతారు. ఎందుకని ఎవరినీ అడగలేదు, నాకూ అలాగే మాట్లాడాలనిపిస్తుంది.

ఇంకో సంగతి చెప్పాలి. మొన్న ఒకావిడ వచ్చింది. కేకు మీద ఏం రాయమంటారని అడిగాను. "మా వదినకి..." అని మొదలుపెట్టి ఆగింది. "అంటే ఇప్పుడు కాదు. మా అన్నయ్యా ఆవిడా విడిపోయారు. కానీ ఆవిడ పుట్టినరోజు" అని నీళ్ళు నమిలింది. వదినకి అని రాయనా అంటే వద్దంది. పేరు రాయనా అంటే, పేరు పెట్టి ఎప్పుడూ పిలవలేదంది. గరాటులో క్రీము నింపుకుని నేను అలా నిలబడే ఉన్నాను. చివరికి ఏమీ రాయించకుండా ఖాళీ కేకు పట్టుకుపోయింది. ఆ రోజంతా నా మనసు మనసులో లేదు.

ఈ నెలాఖరుకి మీ పెళ్ళిరోజు. నీకు గుర్తుందో లేదో. ఎనిమిదేళ్ళ కిందట పెళ్ళి ఫొటోలు తీస్తుంటే నేను నీ చెవిలో ఏదో అన్నాను, నువ్వు పగలబడి నవ్వావు, ఫొటోగ్రాఫరు తిట్టాడు. అన్నయ్యేమో బొమ్మలా నిలబడ్డాడు. అందరి ఫొటోల్లో పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ ఉంటారు, మా ఇంట్లో ఫొటోలో నువ్వూ నేనూ ఉన్నాం.

అన్నయ్య అద్దాల ప్రదర్శన ఉందని ఊరెళ్తున్నాడు. ఏ ఊరని అడిగితే "దూరమే" అన్నాడు. నేను రెట్టించలేదు.

వదినా, నువ్వు నాకేమైనా చెప్పాలా? నీ ఉత్తరం నిండా తేదీలున్నాయి, దుప్పట్లున్నాయి, నువ్వు మాత్రం ఎక్కడా లేవు. చెప్పాల్సింది ఉంటే చెప్పెయ్. నేను పాలు తాగే పిల్లని కాదు.

నీ ఆడపడుచు


అద్దె గది నుంచి

పిచ్చుకా,

నీ కేకు అందింది. ఒకరోజు ముందే.

చిట్కా పెట్టకముందే బుక్ చేసి ఉంటావు, నాకు తెలియకుండా. అది అర్ధరాత్రి లెక్కన కట్టిన మూట. తర్వాత ప్రోగ్రాం బాగుపడినా అప్పటికే కట్టేసిన మూట బాగుపడదు కదా.

సాయంత్రం తలుపు చప్పుడైంది. డెలివరీ అమ్మాయి పెట్టె చేతిలో పెట్టి, నవ్వి వెళ్ళింది. బల్ల మీద పెట్టి మూత తీశాను. క్రీముతో చేసిన రెండు కళ్ళజోళ్ళు ఒకదాని మీద ఒకటి కాళ్ళు వేసుకుని పడుకున్నాయి. కింద "మీ ఇద్దరికీ" అని నీ వంకర చేతిరాతే, నువ్వు పంపిన బొమ్మ చూసి ఇక్కడివాళ్ళు దింపినట్టున్నారు. బల్లకి అవతలివైపు మీ అన్నయ్య కూర్చుని ఉన్నాడు. అద్దాల ప్రదర్శన ఏదీ లేదు. ఆయన నా దగ్గరకే వచ్చాడు. మా ఇద్దరి మధ్యా బల్ల మీద విడాకుల కాగితాలున్నాయి.

పోస్టులో పంపితే సరిపోయేది. ఇలాంటివి పోస్టులో పంపకూడదని రెండు రాత్రులు రైల్లో కూర్చుని వచ్చాడు. మీ అన్నయ్య అలాంటివాడే, దానికేం లోటు లేదు.

కేకు చూసి "ఇదేంటి, రేపు కదా?" అన్నాడు. నేను ఊరుకుంటానా, మొదలుపెట్టాను. అర్ధరాత్రి, రెండు గంటలు, మూట కట్టడం, విప్పడం. ఆయన గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చివరిదాకా విన్నాడు. ఇన్నేళ్ళలో నా పని గురించి ఆయన అంతసేపు వినడం అదే మొదటిసారి. నేనూ అంత ఓపిగ్గా చెప్పడం అదే మొదటిసారి.

"అంటే రేపటి రోజు ఇవాళే వచ్చేసిందన్నమాట."

"అన్నమాటే."

"అయితే తిందాం. రేపు మనకి ఎలాగూ ఉండదు."

చాకు కనిపించలేదు. చెంచాలతో రెండు వైపుల నుంచీ తవ్వుకుంటూ తిన్నాం. కిటికీ బయట పొగమంచు దిగి ఎదుటి డాబా కనిపించకుండా పోయింది. లోకంలో ఆ బల్ల ఒక్కటే మిగిలినట్టుంది. పెళ్ళైన కొత్తలో వానకి మన ఇల్లు కారితే ముగ్గురం మంచం కింద దూరిన రోజు గుర్తుచేశాడు. నువ్వు గొడుగు వేసుకుని నిద్రపోయావని చెప్పి ఆయన నవ్వితే నాకు పొలమారింది. ఆయన కళ్ళజోడుకి క్రీము అంటింది, తుడవబోయి ఇంకా పులిమాడు. ఎంత నవ్వామో చెప్పలేను.

ఇక్కడితో ఆపేస్తే ఎంత బాగుండేదో. కానీ తర్వాత ఆయన చేతులు కడుక్కుని వచ్చి సంతకం పెట్టాడు. నేనూ పెట్టాను.

ఎవరూ ఎవరికీ అన్యాయం చేయలేదు, పిచ్చుకా. తిట్టుకోలేదు, కొట్టుకోలేదు. ఒకే ఇంట్లో అద్దెకున్న ఇద్దరిలా అయిపోయాం. నవ్వొస్తే నీ దగ్గరకి వచ్చేదాన్ని, ఏడుపొస్తే నీ దగ్గరకి వచ్చేదాన్ని. ఆయన దగ్గరకి వెళ్ళాలని తోచేదే కాదు. ఆయనకీ అంతే. ఇక్కడికి వచ్చేముందే ఇద్దరం అనుకున్నాం. ఆరునెలల పనని నీకు చెప్పింది అబద్ధం.

వచ్చే నెల కోర్టులో మా వంతు. మీ ఊళ్ళోనే.

ఫోన్ ఎందుకు ఎత్తలేదంటే, నీ గొంతు వింటే చెప్పేసేదాన్ని. చెప్తే నువ్వు ఎటువైపు నిలబడాలో తేల్చుకోవాలి. ఆయన నీ తోడబుట్టినవాడు. నిన్ను ఇరకాటంలో పెట్టకూడదనుకున్నాను. ఇది సగం నిజం. మిగతా సగం, నువ్వు నన్ను వదినా అనడం మానేస్తావని భయం. మీ అన్నయ్యని వదులుకోవడానికి నాకు ధైర్యం సరిపోయింది. నిన్ను వదులుకోవడానికి సరిపోలేదు.

ఇంతే.


షాపు కౌంటరు నుంచి

గౌరవనీయులైన తేదీల ఇంజనీరు మేడమ్ గారికి,

తమరి ఉత్తరం అందినది. కేకు బాగుందో లేదో తమరు తెలియజేయలేదు. మా షాపులో ఖాతాదారుల అభిప్రాయానికి ఎంతో విలువ ఇస్తాము.

తమరు "మీ ఊళ్ళో" అని రాశారు. ఎనిమిదేళ్ళు తిరిగిన వీధులు, కూరగాయలవాడితో రోజూ పోట్లాడిన సందు, ఒక్క సంతకంతో మా ఊరైపోయినందుకు సంతోషం. మా ఊరికి తమరు వచ్చినప్పుడు దారి తెలియకపోతే ఎవరినైనా అడగగలరు.

ఇంకో సంగతి కూడా మనవి చేసుకుంటున్నాను. తమరు దాచిపెట్టిన రహస్యం నాకు ముందే తెలుసు. తమరు వెళ్ళిన నెలకే అన్నయ్య చెప్పాడు. అన్నం పెడుతుంటే పళ్ళెంలోకి చూస్తూ చెప్పాడు. నాకు తెలిసినట్టు నీకు తెలియనివ్వలేదు. నువ్వు చెప్తావని చూశాను. ఒక ఉత్తరంలో కాకపోతే ఇంకో ఉత్తరంలో చెప్తావని చూశాను. నోరు తెరిచి అడిగాను కూడా. ఆ ఖాళీ కేకు ఆవిడ సంగతి ఊరికే రాశాననుకున్నావా? పెళ్ళిరోజు కేకు ఎందుకు పంపాను? నీకు మనసు కరిగి కాకపోతే, కడుపు మండి అయినా రెండు ముక్కలు రాస్తావని. అన్నీ తెలిసి ఏమీ తెలియనట్టు అట్టముక్కల మీద జోకులు రాయడం ఎంత కష్టమో నీకు తెలుసా?

నువ్వు అన్నయ్యతో ఉండకపోతే అది మీ ఇష్టం. మీరిద్దరూ ఒకరికొకరు సరిపడరని నాకు మీ పెళ్ళి ఫొటోలప్పుడే తెలుసు. కానీ నేను ఎటువైపో తేల్చుకోవాలని నువ్వే నిర్ణయించేశావు. ఎనిమిదేళ్ళు నా జడ వేసిన మనిషివి, నన్ను అవతలి పార్టీ లెక్కన చూశావు. నాకు ఏడుపొచ్చింది అందుకు. ఇవి వెన్న మరకలు కావు.

ఉంటాను. కౌంటరు దగ్గర జనం ఉన్నారు.

ఇట్లు,
కేకుల షాపు


ఆఫీసు బల్ల దగ్గర నుంచి

పిచ్చుకా,

తిట్టినవన్నీ ఒప్పుకుంటున్నాను. కేకు చాలా బాగుంది. అది రాయకపోవడం కూడా తప్పే.

నీకు తెలుసని నాకు తెలియదు. నేనే చెప్తానని నువ్వు ఎదురుచూశావు. ఇద్దరం ఒకే మాటని చెరో చివరా పట్టుకుని, అవతలివాళ్ళకి బరువవుతుందని దాచుకున్నాం. నేను మొదలుపెట్టాను కాబట్టి తప్పు నాదే. నువ్వు ఎటువైపో నేను నిర్ణయించకూడదు. నిన్ను అవతలి పార్టీ అనుకోలేదే. అవతలి పార్టీ అవుతావేమోనని వణికిపోయాను. రెండూ ఒకేలా కనిపిస్తాయని ఇప్పుడు తెలుస్తోంది.

నిన్న మా సమావేశం జరిగింది. నీకు చెప్పకపోతే ఇంకెవరికి చెప్పను, అందుకే రాస్తున్నాను. పెద్దగది, కిటికీలకి మసక అద్దాలు, మధ్యాహ్నపు వెలుతురు పాలలా పరుచుకుని ఉంది. అందరూ సగం నిద్రలో ఉన్నట్టున్నారు. నేను చెప్పాల్సింది చెప్పాను. రోజు వేరు, క్షణం వేరు. పుట్టినరోజుకి గంటలుండవు, అది ఏ ఊళ్ళో విప్పినా అదే రోజు కావాలి. రైలు బయల్దేరే సమయం క్షణం, దానికి ఊరిని బట్టి గడియారం మారాలి. తేదీ తాను ఏ రకమో మూటలోనే చెప్పుకోవాలి. తాను తేదీననే సంగతి కూడా చెప్పుకోవాలి, లేకపోతే అవతల ఉత్త అక్షరాలుగా మిగిలిపోతుంది.

జట్టు పెద్దాయన నా కాగితాలు ఒకసారి తిరగేశాడు. తర్వాత ఎప్పటిలాగే "మరి పాత మూటల సంగతేంటమ్మా?" అన్నాడు.

"వాటిని మార్చలేమండీ. ఏ లెక్కన కట్టారో కట్టినవాళ్ళకే తెలుసు. ఇది పాత మూట, జాగ్రత్త అని విప్పేవాళ్ళకి మాత్రం చెప్తాం. ఇకమీదట కట్టేవి మాత్రం సరిగ్గా కడదాం" అన్నాను.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాం. కళ్ళు తెరిచి "సరే, కట్టండి" అన్నాడు. అంతే. అన్ని నెలల పని ఆ రెండు మాటలతో అయిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని, ఎవరికి ఫోన్ చేయాలా అని ఆలోచించాను. నీ నంబరు నొక్కి, మోగకముందే కట్ చేశాను.

ఇదేదో పోలిక చెప్పి నిన్ను బుజ్జగిస్తున్నానని అనుకోకు. తేదీలకి నేర్పినంత తేలిగ్గా మనుషులకి ఏదీ నేర్పలేం. నన్ను ఏమని పిలవాలో చెప్పే హక్కు నాకు లేదు. పేరు పెట్టి పిలిచినా పలుకుతాను. ఇంజనీరు మేడమ్ అన్నా పలుకుతాను. అసలు పిలవకపోతే మాత్రం నాకు చాలా కష్టంగా ఉంటుంది. అది నీకు తెలియాలని రాస్తున్నాను, నిన్ను కట్టిపడేయడానికి కాదు.

కోర్టు పనికి ముందురోజు దిగుతాను. స్టేషన్ ఎదుట హోటల్లో గది తీసుకున్నాను. ఆ రోజు నువ్వు మీ అన్నయ్య దగ్గరుండు. పైకి ఏమీ అనడు గానీ లోపల బాధపడతాడు.

ఎదుటి డాబా మీద దుప్పట్లన్నీ తీసేశారు. వాన వచ్చేలా ఉంది. ఆకాశం అంతా నా ఒక్కదానికే మిగిలింది.

ఉంటాను.


కొత్త గది నుంచి

వదినా,

హోటల్ గది రద్దు చెయ్. సిగ్గు లేకపోతే సరి, సొంత ఊళ్ళో హోటల్లో దిగుతుందట! షాపు మేడమీద నా గదిలో మంచం ఒక్కటే గానీ, దాని మీద ఇద్దరం పడతాం. పడకపోతే నువ్వు కింద పడుకో, నీకు అదే శిక్ష.

అన్నయ్యతో మాట్లాడాను. ఆదివారం ఇంటికెళ్ళి, భోజనాల దగ్గర సూటిగా చెప్పేశాను. "కోర్టులో నేను వదిన పక్కన కూర్చుంటాను."

అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది. "నేను నీ అన్నయ్యని" అన్నాడు.

"నువ్వెక్కడికి పోతావు? అన్నయ్యగానే ఉంటావు. నీ పక్కన కూర్చోడానికి పెదనాన్న వస్తున్నాడు, చిన్నాన్న వస్తున్నాడు, షాపువాళ్ళు వస్తున్నారు. ఆవిడ పక్కన ఎవరున్నారు? అమ్మా నాన్నా లేరు, తోడబుట్టినవాళ్ళు లేరు. ఒక్కతే కూర్చుని వాచీ చూసుకుంటుంది."

అన్నం ముద్దని పళ్ళెంలోనే అటూ ఇటూ జరిపాడు. నేను తిట్లు తినడానికి తయారై ఉన్నాను. చివరికి "వెళ్ళు. ఆవిడ ఒక్కతే ఉంటుందేమోనని నాకూ అనిపించింది. ఎవరిని అడగాలో తెలియలేదు" అన్నాడు. అని లేచి వెళ్ళి చెయ్యి కడుక్కున్నాడు. నాకు మా అన్నయ్య మీద అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు. పిచ్చిమొద్దు అయినా మంచివాడు. నువ్వు వదిలేస్తున్నది చెడ్డవాణ్ణి కాదని నీకు తెలుసు, అది నాకు చాలు.

పెదనాన్న వినగానే అంతెత్తున లేచాడు. "లోకంలో ఎక్కడైనా ఆడపడుచు వెళ్ళి వదిన వైపు కూర్చుంటుందా? పరువు తీస్తావా?" అని. "ఎక్కడా లేకపోతే ఇక్కడ ఉంటుంది పెదనాన్నా" అన్నాను. పెద్దమ్మ వంటింట్లోంచి కిసుక్కున నవ్వింది.

నువ్వు భయపడ్డావే, ఆ సంగతి కూడా చెప్తాను. నేనూ భయపడ్డాను. పొద్దున్నే కొత్త గదిలో ఒక్కదాన్నే పిండి జల్లిస్తూ, నిన్ను పేరు పెట్టి పిలిచి చూశాను. పైకే అన్నాను, రెండుసార్లు. ఎవరినో పిలిచినట్టుంది. అక్కా అని చూశాను. అదీ అతకలేదు. మేడమ్ అని చూస్తే నాకే నవ్వొచ్చింది. రేపెప్పుడో అన్నయ్య ఇంకో పెళ్ళి చేసుకోవచ్చు, చేసుకోవాలి కూడా. వచ్చే ఆవిడ మంచిదే అయి ఉంటుంది. ఆవిడని ఏమని పిలవాలో అప్పుడు వెతుక్కుంటాను. వదిన అని మాత్రం అనను. నా దగ్గర ఆ పిలుపు ఒక్కటే ఉంది, అది ఎనిమిదేళ్ళ కిందటే ఒకరికి ఇచ్చేశాను. నువ్వు తిరిగిచ్చినా నేను తీసుకోను.

రైలు దిగి ఎటూ పోకు, ప్లాట్‌ఫారం మీదే నిలబడు. నేనొస్తాను. మర్నాడు నీ ఆకుపచ్చ చీర కట్టుకో, మొహం వేలాడేసుకుని రాకు. కోర్టులో గుమాస్తా నన్ను చూసి "ఈ అమ్మాయి మీకేమవుతుంది" అని అడుగుతాడు. అడుగుతాడు, వాళ్ళ పనే అది. నువ్వు నీళ్ళు నమిలావంటే అక్కడే గిల్లుతాను. మా ఆడపడుచు అని చెప్పు. గట్టిగా చెప్పు, అవతల బెంచీ మీద పెదనాన్నకి కూడా వినపడాలి.

నీ ఆడపడుచు